చూపేది, దాచేది: కంప్యూటర్ యానిమేషన్ వృత్తి, దాని సామాజిక ప్రయోజనం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక యానిమేషన్ చిత్రాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• యానిమేషన్ వృత్తి సమాజానికి ఏ విధంగా ఉపయోగపడుతుందో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ఈ వృత్తిలో ప్రవేశించేముందు ఆలోచించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.

1. ప్రవేశిక

2020లో కరోనా వైరస్ బొమ్మను చూడనివారు బహుశా ఉండరు. బూడిదరంగు బంతి, దాని చుట్టూ ఎర్రటి ముళ్లు. పత్రికల్లో, టెలివిజన్‌లో, కరపత్రాల్లో అదే బొమ్మ. కాని దాన్ని ఏ కెమెరా తీయలేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంలో పనిచేసే ఇద్దరు వైద్య చిత్రకారులు దాన్ని కంప్యూటర్‌పై తయారుచేశారు. ఆ వైరస్ వ్యాసం సుమారు 100 నానోమీటర్లు. మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు. అంత సూక్ష్మమైన కణానికి మనం మామూలుగా అనుకునే అర్థంలో రంగు ఉండదు. ఆ ఎరుపు చిత్రకారులు ఎంచుకున్నది.

ఆ బొమ్మ వల్ల మేలు జరిగింది. కంటికి కనబడని అపాయానికి ఒక రూపం వచ్చింది. అయితే ఆ రూపంలో కొంత వాస్తవం, కొంత ఎంపిక కలిసి ఉన్నాయి. కదలని బొమ్మ విషయంలోనే ఇంత ఉంటే, కదిలే బొమ్మల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

డిగ్రీ చదువుతూ యానిమేషన్ కోర్సులో చేరాలని మీలో కొందరు ఆలోచిస్తూ ఉండవచ్చు. “ఉపాధ్యాయుడివో, నర్సువో అయితే పదిమందికీ పనికొస్తావు. బొమ్మలు ఆడించడం కూడా ఒక పనేనా?” అని ఇంట్లో పెద్దలు అడగవచ్చు. అది తేలిగ్గా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. దానికి వృత్తి మొత్తానికీ వర్తించే ఒకే సమాధానం చెప్పలేం. ఒక్కొక్క చిత్రాన్నీ విడిగా పరిశీలించాలి. అందుకు రెండు ప్రశ్నలు చాలు. ఈ చిత్రం దేన్ని చూపింది? దాన్ని చూపడం కోసం దేన్ని దాచింది? ఈ ప్రశ్నలతో మూడు చిత్రాలను పరిశీలిద్దాం.

2. పాఠం చెప్పే చిత్రం: కణం లోపలి ప్రపంచం

సినిమాలో సెకనుకు సాధారణంగా 24 ఫ్రేములు ఉంటాయి. అంటే ఒక నిమిషానికి 1,440. కంప్యూటర్ యానిమేషన్‌లో ముందుగా వస్తువు ఆకారాన్ని నిర్మిస్తారు. దాన్ని కదిలించడానికి లోపల ఎముకల గూడు వంటి అమరికను చేరుస్తారు. పైన రంగు, చర్మం, వెలుతురు అమర్చుతారు. చివరికి ఒక్కొక్క ఫ్రేమును కంప్యూటర్ లెక్కగట్టి బొమ్మగా మారుస్తుంది. కెమెరా తన ఎదుట ఉన్నదాన్నంతా పట్టుకుంటుంది. యానిమేషన్‌లో ఎవరైనా పూనుకుని పెట్టనిదే తెరమీదికి ఏదీ రాదు. అందువల్ల పెట్టినదానికే కాక, పెట్టకుండా వదిలినదానికి కూడా తయారుచేసినవారే బాధ్యులు.

2006లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల కోసం ‘ది ఇన్నర్ లైఫ్ ఆఫ్ ది సెల్’ అనే చిత్రాన్ని తయారుచేయించింది. రక్తనాళం గోడ వెంట తెల్ల రక్తకణం దొర్లుకుంటూ వచ్చి, వాపు ఉన్నచోట ఆగి, గోడను దాటి వెళ్లడం ఇందులో విషయం. కణం లోపలికి వెళ్లినప్పుడు కైనెసిన్ అనే ప్రోటీన్ కనిపిస్తుంది. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన మూటను నెత్తిన మోస్తున్నట్లుగా, సన్నని తీగమీద అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. పాఠ్యపుస్తకంలో బాణం గుర్తులతో ముగిసిపోయే విషయం ఇక్కడ కళ్లముందు జరుగుతుంది. జీవశాస్త్రం అంటే బట్టీ పట్టవలసిన పేర్ల పట్టిక అనుకున్న విద్యార్థికి, తన ఒంట్లో ఈ క్షణాన కూడా ఏదో జరుగుతోందనే స్పృహ కలుగుతుంది. ఇది ఆ చిత్రం సాధించిన గొప్ప ప్రయోజనం.

ఇక రెండో ప్రశ్న. ఈ చిత్రంలో కణం లోపల బోలెడంత ఖాళీ కనిపిస్తుంది. నిజానికి కణం లోపల ప్రోటీన్లు జాతరలో జనంలా కిక్కిరిసి ఉంటాయి. చుట్టూ ఉన్న నీటి అణువుల తాకిడికి ప్రతిదీ ఎడతెరిపి లేకుండా కంపిస్తూ ఉంటుంది. కైనెసిన్ వేసే అడుగు 8 నానోమీటర్లు. అయితే పైకి లేచిన పాదం ఠీవిగా ముందుకు రాదు. అటూ ఇటూ కొట్టుకులాడి, సరైన చోటు తగిలినప్పుడు అతుక్కుంటుంది. చిత్రంలో ఆ గజిబిజి లేదు. పైగా వెనుక సంగీతం వినిపిస్తుంటే, గమ్యం తెలిసిన కూలీ బరువు మోసుకుపోతున్నట్లే అనిపిస్తుంది.

స్పష్టత కోసం కొన్నింటిని తొలగించడం ఏ పాఠంలోనైనా తప్పదు. కాని ఇక్కడ తొలగించినది అలంకారం కాదు, అసలు సూత్రం. యాదృచ్ఛికమైన కదలికల నుంచి క్రమబద్ధమైన పని ఎలా పుడుతుందన్నదే కణజీవశాస్త్రంలోని ఆశ్చర్యం. దాన్ని తీసేస్తే కణం ఎవరో ముందే అమర్చి పెట్టిన యంత్రంలా కనిపిస్తుంది. పరిణామ సిద్ధాంతాన్ని అంగీకరించనివారు కొందరు తమ వాదనకు మద్దతుగా ఈ చిత్రాన్నే ప్రదర్శించుకున్నారు. తయారుచేసినవారి ఉద్దేశం అది కాదు. అయినా, చిత్రంలో దాచినదే అందుకు వీలు కల్పించింది.

హార్వర్డ్ బృందం 2014లో మరో చిత్రాన్ని విడుదల చేసింది. అందులో ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి, నిలకడ లేకుండా వణుకుతాయి. అది మొదటిదానంత సొగసుగా ఉండదు. కాని విద్యార్థికి మరింత నమ్మకమైన చిత్రం అదే. సౌందర్యమూ వాస్తవమూ రెండు దారుల్లో లాగినప్పుడు ఎటు మొగ్గాలో తెలుసుకోవడం యానిమేటర్ చదువులో భాగమని ఈ రెండు చిత్రాలనూ పోల్చి చూస్తే అర్థమవుతుంది.

3. వినోద చిత్రం: ‘ఈగ’

పాఠం చెప్పే చిత్రాలకే ప్రయోజనం ఉందని, వినోదానికి లేదని అనుకోవడం సరికాదు. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రాన్ని తీసుకోండి. ఇందులో ఈగను హైదరాబాద్‌లోని మకుట సంస్థ రూపొందించింది. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారాలు లభించాయి.

ఈ చిత్రంలోని ఈగ మాట్లాడదు. జంతువుల చేత మనుషుల్లా సంభాషణలు చెప్పించడం యానిమేషన్‌లో అలవాటైన సులువు దారి. దాన్ని వదులుకోవడంతో కోపం, భయం, ప్రేమ అన్నీ తల తిప్పడంలో, కాళ్ల కదలికలో, రెక్కల విసురులో చూపవలసి వచ్చింది. ఈగ ఎత్తు నుంచి చూసినప్పుడు మామూలు ఇల్లు, వీధి పెద్ద గండాలుగా మారిపోతాయి. చేత్తో అదిలించి వదిలేసే ప్రాణి వైపు నిలబడి ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టుకుని చూస్తాడు. మనకంటే అల్పమైన ప్రాణి చోటున నిలబడి లోకాన్ని చూడగలగడం సాహిత్యం నుంచి మనం ఆశించే ప్రయోజనమే.

మరి లోపం? కథ ముందుకు సాగేకొద్దీ ఈగ తక్కువై, కథానాయకుడు ఎక్కువవుతాడు. వ్యాయామం చేస్తూ పోరుకు సిద్ధమయ్యే ఘట్టంలో మనం చూసేది రెక్కలున్న చిన్న మనిషిని. ప్రేక్షకులు ఈలలు వేసేది అక్కడే కావచ్చు. కాని పురుగును పరిశీలించి పట్టుకున్న కదలికల స్థానంలో, మనం అనేక చిత్రాల్లో చూసిన భంగిమలు వచ్చి చేరతాయి. మొదటి భాగంలోని పనికి ఎక్కువ పరిశీలన కావాలి, చూసేవారికి కొత్తగా దక్కేదీ అక్కడే ఎక్కువ.

4. తెర వెనుక శ్రమ

పైన చెప్పిన రెండో ప్రశ్నను చిత్రానికే కాక పరిశ్రమకు కూడా వేయాలి. 2012లో విడుదలైన ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రంలో పడవలో ఉన్న పులి చాలా సన్నివేశాల్లో కంప్యూటర్ సృష్టి. నిజమైన పులుల కదలికలను పరిశీలించి దాన్ని తయారుచేసినది రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా సంస్థ. దానికి ముంబయిలో, హైదరాబాద్‌లో కూడా స్టూడియోలు ఉండేవి. 2013 ఫిబ్రవరిలో ఆ పులికి ఆస్కార్ పురస్కారం వచ్చింది. అదే నెలలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. పురస్కార వేడుక జరుగుతుండగా ఈ రంగంలోని కళాకారులు బయట నిరసన తెలిపారు.

ఈ రంగంలో స్టూడియోలు పనిని ఒక ధరకు ఒప్పుకుంటాయి. మధ్యలో నిర్మాతలు, దర్శకులు కోరే మార్పుల భారం చాలాసార్లు స్టూడియోమీదే పడుతుంది. రాయితీలు ఎక్కడ ఎక్కువ ఇస్తే, జీతాలు ఎక్కడ తక్కువైతే పని అక్కడికి తరలిపోతుంది. తోలుబొమ్మలాటలోనూ బొమ్మను ఆడించేవాడు తెర వెనుకే ఉంటాడు. అయినా అతడెవరో ఊరికి తెలుసు. ఇక్కడ చివరి పేర్ల జాబితా కదిలేసరికి ప్రేక్షకులు కుర్చీల్లోంచి లేచిపోతారు. సమాజానికి ఉపయోగపడే వృత్తి, ఆ పని చేసేవారిని కూడా బతకనివ్వాలి. కాబట్టి ఉద్యోగంలో చేరేముందు పనిగంటలు ఎన్ని, అదనపు పనికి వేతనం ఉందా, చేసిన పనికి పేరు వేస్తారా అని అడగడం అత్యాశ అనిపించుకోదు.

5. మీ నిర్ణయం, మీ చదువు

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఒకప్పటిలా బాగా డబ్బున్నవారికే పరిమితమైన విషయం కాదు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దానితోనే ‘ఫ్లో’ అనే మాటలు లేని చిత్రాన్ని తీశాడు. 2025లో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ లభించింది. కాబట్టి భారీ ఫీజు కట్టేముందు కొన్ని నెలలు సొంతంగా సాధన చేసి, ఈ పనికి కావలసిన ఓర్పు మీకు ఉందో లేదో చూసుకోండి. ఒకే రకమైన పనులను ఇప్పుడు కృత్రిమ మేధ త్వరగా చేసేస్తోంది. ఏది చూపాలి, ఏది వదలాలి అన్న నిర్ణయానికి మాత్రం విషయం తెలిసిన మనిషి కావాలి.

అందుకే మీ డిగ్రీని యానిమేషన్‌కు అడ్డుగా భావించకండి. ఒక ఉదాహరణ చూడండి. తెలంగాణ, రాయలసీమలలో బోర్లు ఎందుకు ఎండిపోతాయో రైతులకు చెప్పే రెండు నిమిషాల చిత్రం తయారుచేయాలి. అంటే 2,880 ఫ్రేములు. భూమిని నిలువునా కోసి చూపడం కెమెరాకు సాధ్యం కాదు, యానిమేషన్‌కు సాధ్యం. విషయం తెలియని యానిమేటర్ అడుగున నీలిరంగులో ఒక నదిని గీస్తాడు. చూడటానికి అందంగా, స్పష్టంగా ఉంటుంది. కాని ఈ ప్రాంతాల్లో చాలావరకు గట్టి రాతినేల. నీరు పైనున్న శిథిల శిలల పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే ఉంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు సాధారణంగా తగ్గిపోతాయి. నీలి నదిని నమ్మిన రైతు ఇంకా లోతుగా వేస్తే జల పడుతుందని అప్పు చేసి మరో బోరు వేయిస్తాడు. పగుళ్లను, వానకు నెమ్మదిగా ఇంకే నీటిని, పక్క పొలం బోరు అదే నీటిని లాగడాన్ని చూపిన చిత్రం ఆ అప్పును ఆపగలదు. ఇద్దరూ వాడింది ఒకే సాఫ్ట్‌వేర్. తేడా భూగర్భశాస్త్రం తెలియడంలో ఉంది.

ఇంట్లో పెద్దలు అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. యానిమేషన్ ఉపయోగకరమైన పని కాగలదు. కాని ఆ ఉపయోగం కంప్యూటర్ నుంచి రాదు. చేసేవారికి మరొక విషయం బాగా తెలిసి ఉండటం నుంచి, తెలిసినదాన్ని అందం కోసం వదులుకోకపోవడం నుంచి వస్తుంది. మీరు చదువుతున్నది వృక్షశాస్త్రమైనా, చరిత్ర అయినా, అర్థశాస్త్రమైనా దాన్ని శ్రద్ధగా చదవండి. రేపు మీరు గీసే ప్రతి ఫ్రేముకూ అదే ఆధారం.

6. సారాంశం

యానిమేషన్ కెమెరాకు అందనిదాన్ని చూపుతుంది. అలా చూపడంలో కొంత దాస్తుంది. దాచినది విషయానికి ప్రాణమైనదైతే చిత్రం ఎంత అందంగా ఉన్నా నష్టం జరుగుతుంది. వినోద చిత్రాలనూ ఇదే ప్రమాణంతో విలువ కట్టవచ్చు. పరిశ్రమలోని శ్రమ పరిస్థితులు కూడా సామాజిక ప్రయోజనంలో భాగమే. ఈ వృత్తిలోకి వెళ్లేవారికి సాఫ్ట్‌వేర్‌తోపాటు మరొక విషయంలో గట్టి పరిజ్ఞానం అవసరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కణం గురించిన 2006, 2014 చిత్రాల మధ్య తేడాను వివరించి, ఆ తేడా ఎందుకు ముఖ్యమో రాయండి.
2. ‘ఈగ’ చిత్రంపై ఈ పాఠంలోని అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలపండి.
3. మీరు చదువుతున్న విషయంలో కెమెరాతో చూపలేని ఒక అంశాన్ని ఎంచుకోండి. దానిపై ఒక నిమిషం యానిమేషన్ చేయవలసివస్తే ఏమేమి చూపుతారో, దేన్ని తప్పక వదిలేయవలసి వస్తుందో, దేన్ని ఎట్టిపరిస్థితిలోనూ వదలరో ఒక పుటలో రాయండి.