తొలివాన రాత్రి మంట

పెద్దవాన పడి వెలిస్తే ఆ సాయంత్రం నాయన ఇంటిపట్టున ఉండేవాడు కాదు. కంపలు, ఎండుపుల్లలు మోపుకట్టి గట్టు మీద పోగేసి, చీకటి పడగానే అంటించేవాడు. "ఈ రెండు మూడు రాత్రులే మనవి. తర్వాత పురుగుదే రాజ్యం" అనేవాడు. తమిళనాడులో వెంబకోట్టై వైపు మెట్టచేలలో వేరుశనగ వేసినవాళ్లకు ఆ మాట బరువు తెలుసు.

ఆ మంట వెలుగుకు వచ్చి పడేది ఎర్ర గొంగళి తల్లిపురుగు. శాస్త్రవేత్తలు అమ్సాక్టా ఆల్బిస్ట్రైగా అంటారు. తెల్లటి వెనక రెక్కల మీద నల్లచుక్కలు, ముందు రెక్క అంచున పసుపు చార. చూడముచ్చటగా ఉంటుంది, ఆకు జోలికి పోదు. అది పెట్టే వందల గుడ్ల నుంచి పుట్టే పిల్లలే ఈనెలు మిగిల్చి, మందలుగా పక్క చేనికి నడిచిపోతాయి.

ఎదిగిన పురుగు మట్టిలోకి దిగి ప్యూపాగా మారి, నెలల తరబడి ఎండిన నేలలో నిద్రపోతుంది. తడి తగిలితేనే లేస్తుంది. అందుకే వాన కోసం కాచుకునే నేలలే దాని ఇల్లు. థార్ ఎడారిలో దీని దగ్గరి చుట్టం అమ్సాక్టా మూరై ఉంది. దాని పురుగును రాజస్థాన్ రైతులు 'కాత్రా' అంటారు, సజ్జచేలకు దాని బెడద ఎక్కువ. అనంతపురం వేరుశనగ రైతులకూ తొలివానతోనే ఈ గుబులు మొదలవుతుంది.

అగ్గిపెట్టెలకు పేరుపడ్డ కోవిల్‌పట్టి, శివకాశి పక్కనే ఉన్న మాకు నిప్పు కొరత లేదు. నేర్పంతా అదును పట్టుకోవడంలో ఉంది. వేసవి దుక్కిలో బయటపడ్డ ప్యూపాలను పిట్టలు ఏరుకుతింటాయి. మిగిలినవి రెక్కలు తొడిగి గుడ్లు పెట్టేలోపే వెలుగు పెట్టాలి. అదీ ఊరంతా కలిసి పెట్టాలి. పక్క చేలో గుడ్డు పడితే పురుగు మన చేలోకే వస్తుంది. నాయన మోపు కట్టేముందు నాలుగిళ్లకు వెళ్లి చెప్పి వచ్చేది ఇందుకే.

ఇప్పుడు మా వైపు పురుగు కనపడ్డాకే మందు వెతుక్కుంటున్నాం. ఒళ్లంతా నూగు మొలిచి ముదిరిన పురుగు మందుకు తేలిగ్గా లొంగదు. డబ్బు పోతుంది, చేనూ పోతుంది. ఒక జీవి ఎప్పుడు నిద్రలేస్తుందో తెలిసి ఆ వేళకు మెలకువగా ఉండటం ఎంత పెద్ద చదువో, నాకు ఆలస్యంగా తెలిసింది.

మొన్నటి వానకు నేనూ నాలుగిళ్లకు వెళ్లాను. చీకటి పడ్డాక మా గట్టు మీద మంట అంటుకుంది. కాసేపటికి దూరంగా ఇంకో గట్టు వెలిగింది. ఆ వెనక మరొకటి.