ఆమె పేరుతో ఒక అర్జీ

ప్రతి సెప్టెంబరు 17కీ ఒక ఫొటో బయటికొస్తుంది. ఏడో నిజాం చేతులు జోడించి వల్లభాయ్ పటేల్‌కు నమస్కరిస్తున్న ఫొటో. లొంగిపోయిన రోజు తీసిందని చాలామంది రాసేస్తుంటారు. నిజానికి అది 1949 ఫిబ్రవరిలో, పటేల్ హైదరాబాదు వచ్చినప్పుడు మా బేగంపేట విమానాశ్రయంలో తీసింది. దాని కింద విమోచన అని రాయాలా, విలీనమనా, ఆక్రమణనా అన్న తగువు నేను పీహెచ్‌డీలో చేరిన నాటినుంచీ వింటున్నాను. పోలీసు చర్య మీద వచ్చిన కథల్ని మన విమర్శ కూడా ఎక్కువగా ఈ మూడు మాటల చుట్టూనే తిప్పింది. సరిగ్గా ఆ రోజుల్లో నిర్బంధంలో ఉన్న అరబ్బు సిపాయిలూ, వాళ్ల భార్యలూ ఈ మూడింటిలో దేనిలోనూ ఇమడరు.

దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుంచి తరాల తరబడి మగవాళ్లు వచ్చి నిజాం కొలువులోనూ, ప్రభువుల సొంత దళాల్లోనూ చేరారు. వాళ్లుండే బ్యారక్సే జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. ఆ వలసలో ఆడవాళ్లు రావడం అరుదు. పెళ్లిళ్లు ఇక్కడి అమ్మాయిలతోనే జరిగాయి. అలా పరాయి నేలమీద పుట్టిన పిల్లల్ని హద్రమీలు ‘మువల్లద్’ అంటారు. పిల్లలకైనా ఒక పేరుంది, వాళ్లను కన్న తల్లులకు అదీ లేదు.

1948 సెప్టెంబరు తర్వాత జనరల్ చౌధురి సైనిక ప్రభుత్వం అరబ్బుల్నీ, పఠాన్లనూ, రోహిల్లాలనూ బయటివాళ్లుగా లెక్కగట్టి నిర్బంధించింది. దేశం దాటించే ప్రయత్నం మొదలైంది. కొందరు వెళ్లిపోయారు, చాలామంది ఇక్కడే మిగిలారు. అవతల హద్రమౌత్‌లో 1948-49లో కరువు. ఈ చరిత్రను టేలర్ షెర్మన్ 2015లో వచ్చిన ‘ముస్లిం బిలాంగింగ్ ఇన్ సెక్యులర్ ఇండియా’లో చర్చించింది. అది చదువుతున్నంతసేపూ నన్ను వదలని ప్రశ్న ఒకటే. సిపాయిని పంపేస్తే, పాతబస్తీలో పుట్టి గుల్బర్గా దాటి ఎరగని అతని భార్యది ఏ దేశం?

చట్టం దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పెళ్లితో స్త్రీకి భర్త డొమిసైలే వస్తుందన్నది ఇంగ్లీషు కామన్ లా సూత్రం. ఇంగ్లండు 1973లో చట్టం చేసి దాన్ని వదులుకుంది. మన రాజ్యాంగం అయిదో అధికరణం పౌరసత్వానికి డొమిసైల్‌నే పునాది చేసింది. అంటే పుట్టిన ఊరు ఆమెదే అయినా, ఆ ఊరు తనదని చెప్పుకోవాలంటే భర్త కాగితం కావాలి. 1946 నాటి విదేశీయుల చట్టం ప్రకారం, విదేశీయుణ్ణి కానని నిరూపించుకోవాల్సింది ఆ మనిషే. 2025లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ ఆ భారాన్ని అలాగే ఉంచింది. విదేశీయుణ్ణి వెళ్లగొట్టే అధికారానికి హద్దుల్లేవని సుప్రీంకోర్టు 1955లో హాన్స్ ముల్లర్ కేసులో చెప్పింది. కాబట్టి న్యాయసహాయం అందాల్సింది ‘విదేశీ’ అన్న ముద్ర పడకముందే. క్యాంపు బయట నిలబడ్డ, చదువురాని పరదా స్త్రీకి అది ఎవరి ద్వారా అందుతుంది?

ఇక సాహిత్యం. మన కథల్లో, మాటల్లో రోహిల్లా అంటే అప్పు వసూలుకి గుమ్మం ముందు బైఠాయించే మనిషి. ఆ కోపం అకారణం కాదు, అరబ్బులూ రోహిల్లాలూ వడ్డీ వ్యాపారం చేసిన మాట నిజమే. కానీ అతను సాయంత్రం ఏ ఇంటికి వెళ్తాడో ఆ కథ అడగదు. జీలానీ బానో ‘ఐవానె గజల్’ (1976) ప్రభువుల దేవిడీ లోపలి స్త్రీల వేదనను తవ్వి తీసింది. ఆ నవలకు కేంద్రం దేవిడీయే, బ్యారక్ కాదు. మనందరం తలకెత్తుకున్న ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986)ను స్త్రీశక్తి సంఘటన పోరాటంలో ఉన్న స్త్రీలను అడిగి తయారుచేసింది. అది లేకపోతే నాలాంటివాళ్ల పరిశోధనే లేదు. అయినా ఒక మాట అనాలి: ‘పోరాటంలో మీరేం చేశారు?’ అన్న ప్రశ్నకు ఓడిన పక్షం సిపాయి భార్య దగ్గర జవాబుండదు. ఆమెను అడగాలంటే ప్రశ్నే మార్చాలి.

బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేటు ఉండేది. సొంత దళాలను పోషించిన ప్రభువుల భవనం ముందు మనవాళ్లు వీసా కోసం బారులు తీరారు. ఆ అమెరికాలోనూ మాజీ సైనికుల్ని దేశం దాటిస్తున్నారు. 1996 చట్టాలు ‘తీవ్ర నేరం’ అన్న నిర్వచనాన్ని బాగా సాగదీశాక, గ్రీన్‌కార్డుతో సైన్యంలో పనిచేసినవాళ్లు శిక్ష అనుభవించి కూడా బహిష్కరణకు గురయ్యారు. హెక్టర్ బరాహాస్ అనే మాజీ పారాట్రూపరు 2013లో మెక్సికోలోని తిహువానాలో అలాంటివాళ్లకు ఆశ్రయం తెరిచాడు. పౌరహక్కుల సంఘం లాయర్ల సాయంతో, 2017లో గవర్నరు క్షమాభిక్ష పొంది, 2018లో పౌరుడై తిరిగొచ్చాడు. లాయర్ని పెట్టుకునే హక్కు ఇమ్మిగ్రేషన్ కోర్టులోనూ ఉంది, ఖర్చు మాత్రం ప్రభుత్వానిది కాదు.

ఈ ఉద్యమం వాదన ‘అతను దేశం కోసం పనిచేశాడు’ అన్నది. గెలిచిన దేశపు సిపాయి ఆ మాట అనగలడు, బార్కస్ సిపాయి అనలేడు. ఇద్దరి భార్యల స్థితి మాత్రం దగ్గరగానే ఉంది. అమెరికా చట్టంలో కొన్ని మినహాయింపులు కోరాలంటే, భర్త వెళ్లిపోతే భార్యాపిల్లలు విపరీతమైన కష్టం పాలవుతారని రుజువు చేయాలి. ఆ వాంగ్మూలం రాసేది ఆమే. నిద్రలేని రాత్రులు, అద్దె బాకీ, పిల్లవాడి బెంగ అన్నీ వరసగా పెట్టాలి. ఎంత కూలిపోయినట్టు రాస్తే అంత బలమైన సాక్ష్యం. తను నిలదొక్కుకున్నానని రాస్తే కేసు బలహీనపడుతుంది. స్త్రీల ఆత్మకథల్లో ఏడుపు ఎక్కువని వెక్కిరించే విమర్శకులు ఈ వాంగ్మూలాలు ఒకసారి చదవాలి. ఏడుపును షరతుగా పెట్టి రాయించుకున్న ప్రక్రియ ఇది.

మనం లేఖల్నీ, డైరీల్నీ స్త్రీల రచనలుగా ఒప్పుకోవడానికి ఎంతో పోట్లాడాం. అర్జీని ఇంకా లోపలికి రానివ్వలేదు. కూలిన ఇల్లు, రాని జీతం, తిరిగిరాని మనిషి, వీటి గురించి ఆమె చెబితే గుమాస్తా రాశాడు. అందులో ఎక్కడ ఆమె మాట ఆగి, ఎక్కడ గుమాస్తా మర్యాదభాష మొదలవుతుందో గుర్తుపట్టడం సాహిత్య విద్యార్థి పనే, చరిత్రకారుడి మీదికి తోసేయలేం. ‘ఫలానావారి భార్య’ అన్న చోట తన పేరు పడిందా లేదా అన్నది కూడా అందులో చూడాల్సిన సంగతే. పుట్టిన ఊరుతోపాటు ఆమె పేరూ కాగితం మీద పడితే తప్ప ఏ లాయరూ ఆమె తరఫున విడిగా వాదించలేడు.

పరిశోధనకు ఏ టెక్స్టు తీసుకోమంటారని విద్యార్థినులు అడిగితే, ఈమధ్య నేను తార్నాకలోని ఆర్కైవ్స్‌కి దారి చెబుతున్నాను. తెలుగు ఎం.ఏ. చేసి, ఉర్దూ షికస్తా చదవగలిగే అమ్మాయి ఇంకా దొరకలేదు.