పందెంగా మారిన ప్రజ: పల్నాటి వీరగాథలో వలస నీతి

పల్నాటి వీరగాథను గూర్చిన విమర్శ ఎక్కువగా బ్రహ్మనాయుడి సంస్కారదృష్టిని, నాగమ్మ రాజనీతిని, బాలచంద్రుడి శౌర్యాన్ని చర్చించింది. శ్రీనాథుని ద్విపద ద్వారాను, వీరవిద్యావంతుల గానం ద్వారాను మనకు అందిన ఈ కథను యుద్ధం వైపు మళ్లించినది వలస. దానిని నైతిక సమస్యగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోడిపోరులో ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది నియమం. పందెం గురజాల, మాచర్ల ఏలికల మధ్యది. ఊరు విడిచినవారిలో మాత్రం ఆ పందెంతో నిమిత్తం లేని పరివారమూ ఉంది. గడువు తీరాక రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలి అయ్యాడు. తిరిగివచ్చే హక్కు ఎదుటి రాజ్యం చేతిలో బేరపు వస్తువైంది.

జనుల కదలికతో పొరుగు రాజ్యాన్ని లొంగదీసే ఈ నీతిని ఆధునిక కాలానికి సంబంధించి కెల్లీ గ్రీన్‌హిల్ 2010 నాటి గ్రంథంలో విశ్లేషించారు. 2021లో బెలారస్, పోలండ్ సరిహద్దు అడవుల్లో చలికి చిక్కుకున్నవారు అందుకు నిదర్శనం. అయితే పల్నాటి కథలో దోషం గురజాలది మాత్రమే కాదు. తనవారి నివాసాన్ని పణంగా పెట్టే అధికారం బ్రహ్మనాయుడికి ఎవరిచ్చారు? గాథ ఈ ప్రశ్న వద్ద నిలువక వీరుల పరాక్రమం వైపు సాగుతుంది. కారెంపూడి ఉత్సవాల్లో మందపోరు నాడు మందను కాచిన లంకన్న మరణాన్ని స్మరిస్తారు. ఏలికల వైరానికి కాపరి చెల్లించిన మూల్యాన్ని ఆ క్రతువు మరువనీయదు.

నాటి మాచర్ల సీమలోనే, కృష్ణ కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్ 2014 జూన్ 2 నుంచి రాష్ట్ర సరిహద్దు. 2020 మార్చి చివర, లాక్‌డౌన్ వేళ, హైదరాబాదు వసతిగృహాల నుంచి పోలీసుల అనుమతిపత్రాలతో బయలుదేరినవారు ఇదే సరిహద్దు వెంట పొందుగుల, గరికపాడు వద్ద ఆగిపోయారు. ఒక ప్రభుత్వమిచ్చిన పత్రం మరొక ప్రభుత్వం వద్ద చెల్లలేదు. రోగవ్యాప్తి భయం నిజమైనది. వారిని ఎవరో ఆయుధంగా వాడారనడం అన్యాయం. కాని ఇంటికి చేరే హక్కు ఇద్దరు పాలకుల అంగీకారానికి లోబడిన స్థితి ఏడేళ్ల వలసను గుర్తుచేస్తుంది.

కనుక ఎత్తు వేసినవాని ఉద్దేశాన్ని మాత్రమే విచారిస్తే చాలదు. నియమం రాసేటప్పుడు కదలవలసినవారి మాట విన్నారా, గడువు తీరినప్పుడు వారి రాకకు పూచీ ఎవరిది అన్నవే అసలు ప్రశ్నలు. పల్నాటి కథను వీరగాథగా చదివిన విమర్శ ఇకపై దానిని వలసగాథగాను చదవాలి.