పూలలోయ: చక్రవర్తి ఇచ్చిన రాజ్యం

పోలిష్ రచయిత ఆంద్రెయ్ సప్కోవ్‌స్కీ 1995 నాటి నవల 'చాస్ పొగార్దీ' (ఈసడింపుల కాలం)లో నిల్ఫ్‌గార్డ్ చక్రవర్తి ఎల్ఫులకు పూలలోయను స్వయంపాలిత రాజ్యంగా ఇస్తాడు. మనుషులకంటే ముందే ఆ ఖండంలో స్థిరపడిన దీర్ఘాయుష్కుల జాతి అది. ఇంకొకరి కథలో ఇది సుఖాంతమయ్యేది. ఇక్కడ మాత్రం చక్రవర్తి పక్షాన పోరాడిన యువదళాలకే ఆ రాజ్యంలో చోటు లేదు. ఎల్ఫులకు సంతానం కలిగేది యౌవనంలోనేనని రచయిత 1994 నాటి నవలలోనే చెప్పాడు. కనుక రాణికి నేల దక్కింది, తరం దక్కలేదు. లోయలోని జీవితాన్ని నేరుగా చూపక, ఎక్కువగా ఇతరుల మాటల్లో వినిపించడం ఈ రచనలో లోపం. అయినా, సొంత రాష్ట్రం కాని చోట భాషను నిలుపుకొంటున్న మనకు ఇందులోని ప్రశ్న పరాయిది కాదు: అందుకునే పిల్లలు లేకపోతే ఎల్లలు ఎవరిని కాపాడతాయి?