‘డాడర్’ శబ్దము - జాన్సను వ్యాఖ్య
ఆంగ్లమున ‘డాడర్’ అను మాటకు రెండర్థములు కనబడును. తడబడుచు నడచుట యొకటి. మొలిచిన పిదప నేలతో పొత్తు విడిచి, అన్యవృక్షముల రసమును పీల్చి బ్రతుకు ఆకులేని తీగ రెండవది. మనవారు సీతమ్మ పోగునూలు అను తీగ ఈ జాతిలోనిదే. తూలువాడు ఊతకై ఒకరిని పట్టుకొనును, తీగయు నంతియే కదా యని ఈ రెంటిని ముడివేయుట మిక్కిలి సులభము. ఆ సౌలభ్యమే ఇందలి చిక్కు.

క్రియ, వణకుట యను అర్థముగల మాండలిక ధాతువునుండి వచ్చినది. ‘డిథర్’ దానికి జ్ఞాతి. తీగపేరు మధ్యాంగ్లమున ‘డోడర్’. జర్మను భాషలో గ్రుడ్డులోని పచ్చసొనకు పేరైన ‘డాటర్’తో దీనికి చుట్టరికము కలదని వ్యుత్పత్తికారులు తలంతురు. ఆ తీగ పసుపువన్నె చూచినవారికి ఇది అసంగతముగ తోపదు. కావున ఇది నానార్థములుగల ఒక పదము కాదు. ఒకే రూపము దాల్చిన రెండు పదములు.

ఈ భేదము పాటింపనిచో కావ్యార్థమే మారును. డ్రైడెన్ 1697లో ప్రకటించిన వర్జిల్ అనువాదమున, తొమ్మిదవ గోపగీతములో, ఓక్ వృక్షమునకు ‘డాడర్డ్’ అను విశేషణ మున్నది. జాన్సను 1755 నాటి తన నిఘంటువులో ఈ విశేషణమునకు ఆ తీగచే కప్పబడినది యని అర్థము చెప్పెను. లాటిను మూలమున తీగ ప్రసక్తియే లేదు. అచ్చట నున్నవి కొనలు విరిగిన ముదుసలి బీచి చెట్లు. డ్రైడెన్ చెట్టుజాతిని మార్చెను గాని విరిగిన కొనలను విడువలేదు; కొమ్మలు నరకుట యను అర్థముగల ‘డాడ్’ అను ప్రాచీనక్రియయే ఆ విశేషణమునకు మూలమని నేటి నిఘంటుకారుల మతము. పైగా ఇంగ్లండులో ఈ తీగ ప్రాయికముగ అల్లుకొనునది నెటిల్, గార్స్, హెదర్ వంటి పొదలను. ముదిరిన ఓక్ మ్రాకులను గాదు. జాన్సను లాటినున నిష్ణాతుడు. చేతికందిన శబ్దసామ్యము మూలమును మరపించినది కాబోలు. తరువాతి కాలమున ఆ విశేషణమునకు క్రియాప్రభావముచే జర్జరితమను అర్థమును అంటుకొన్నది.

మన పరిశోధకులకు ఇది పరాయి సంగతి కాదు. సంఖ్యను, వత్సరమును తెలుపు ‘ఏడు’ శబ్దములు వేర్వేరనుటకు తమిళమందలి ‘ఏళు’, ‘యాండు’ రూపములే సాక్ష్యము. క్షీరమును, వాటాను తెలుపు ‘పాలు’ విషయమున ఈ సాక్ష్యము చాలదు. తమిళమునను రెండును ‘పాల్’ అనియే యున్నవి. అచ్చట తెలుగు వ్యాకరణమునే అడుగవలెను: క్షీరార్థమున ‘పాలు’ నిత్యబహువచనము, వాటా యను అర్థమున ఏకవచనము, దాని బహువచనము ‘పాళ్ళు’.