స్టీరింగు పట్టిన చెయ్యి, కంకర కొట్టిన చెయ్యి

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో యూరప్, అమెరికా పత్రికల్లోనూ, ప్రకటనల్లోనూ, పోస్టుకార్డుల మీదా కారు నడిపే ఆడమనిషి బొమ్మలు తరచూ కనపడతాయి. స్త్రీ స్వేచ్ఛకి గుర్తుగా వీటిని తరగతి గదుల్లో చూపిస్తుంటారు. సరే, చూపించవలసిందే. అయితే దళిత స్త్రీ వైపు నిలబడి చూస్తే ఈ బొమ్మల్లో ఏముంది, ఏం లేదు అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

ఈ బొమ్మలన్నీ ఒక్క రకం కావు. హాస్యపు బొమ్మల్లో ఆమె బండి అదుపు చెయ్యలేని తెలివితక్కువది; నవ్వేది మగవాడు. కంపెనీల ప్రకటనల్లో ఆమె కొనుగోలుదారు. అప్పట్లో పెట్రోలు కారు స్టార్టు చెయ్యాలంటే ముందు నిలబడి బలంగా హ్యాండిలు తిప్పాలి. ఆ బాధ లేని బ్యాటరీ కార్లని ఆడవాళ్ల బండ్లని చెప్పి అమ్మారు. 1912లో కాడిలాక్‌కి ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చాకే ఈ తేడా తగ్గుతూ వచ్చింది. 1909లో డొరోతీ లెవిట్ రాసిన 'ది ఉమన్ అండ్ ద కార్' ఫొటోలు వేరు. అందులో ఆమే ఇంజను చూసుకుంటుంది. ఆ ఫొటోల్లో చేతులకి పనుంది.

1929లో జర్మన్ పత్రిక 'డీ డామె' ముఖచిత్రం కోసం తమారా ద లెంపికా తన బొమ్మ తానే గీసుకుంది. తొడుగుల చేతులు, చల్లని చూపు, ఆకుపచ్చ బుగాటీ. నిజానికి ఆమెకున్నది పసుప్పచ్చ రెనో. అంటే గీసింది కారుని కాదు, హోదాని.

అదే 1929లో మన దేశంలో ఏం జరిగింది? చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగిన అంబేడ్కర్‌ని ఎక్కించుకుని టాంగా తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. బండి అద్దెకిస్తాం, తోలం అన్నారు. తోలడం రాని మహర్ ఒకాయన పగ్గాలు పట్టాడు. దారిలో ఒక మోటారు కారు గుద్దబోయి తప్పింది. ఆ తర్వాత కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని అంబేడ్కర్ రాళ్ల మీదికి విసిరిపడ్డాడు, కాలు విరిగింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఇది రాసుకున్నాడు. బారిస్టరుకే బండి తోలే మనిషి దొరకని దేశంలో పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది కులం ప్రశ్న కూడా.

బండి సంగతి సరే, రోడ్డు మాటేమిటి? 1893లో కేరళలో అయ్యంకాళి ఎడ్లబండెక్కి నిషేధించిన దారిలో వెళ్లడమే తిరుగుబాటైంది. మన అనకాపల్లి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ ప్రెసిడెన్సీ శాసనమండలిలో బహిరంగ రోడ్లు, బావులు అణగారిన కులాలకీ తెరవాలని 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టవలసి వచ్చింది. దానికి పంతొమ్మిదేళ్ల ముందే, 1905లో, టాటాల కోడలు సుజాన్ కారు నడిపింది. దేశంలో కారు నడిపిన మొదటి స్త్రీ ఆమేనంటారు.

ఇంట్లోంచి బయటికి రావడమే స్వేచ్ఛ అన్న కొలత అగ్రకుల స్త్రీకి సరిపోతుంది. దళిత స్త్రీ ఇంట్లో కూచున్నదెప్పుడు? ఆమె ఎప్పుడూ బయటే ఉంది: చేలో, కంకర కుప్ప దగ్గర, నెత్తిన మోపుతో రోడ్డు పక్కన. ఆమెకి కావలసింది బయటికి రావడం కాదు. ఆ బయట భయం లేకుండా, కూలీ ఎగ్గొట్టించుకోకుండా, ఎక్కిన బండిలోంచి దింపించుకోకుండా బతకడం.

కాబట్టి ఈ బొమ్మల్ని పక్కన పారెయ్యమని అనడం లేదు. మగవాడి వెక్కిరింతని ఎదుర్కొని స్టీరింగు పట్టిన వాళ్ల ధైర్యం నిజమైనదే. కాని 1929 నాటి ఆ ముఖచిత్రాన్ని పాఠంలో పెట్టే టీచరు, అదే ఏడు చాలీస్‌గావ్‌లో పడిపోయిన టాంగాని కూడా పక్కనే పెట్టాలి. రెండూ చూసిన విద్యార్థి ఆ రోడ్డు ఎవరు వేశారని తప్పకుండా అడుగుతుంది. దానికి జవాబు చెప్పే బొమ్మలు మనమే వెతకాలి, లేకపోతే గీయాలి.