లయన్స్ వ్యాఖ్యలో అంతరాయాల ప్రకరణం

గణనయంత్రాలను గురించిన గ్రంథాలలో మూలాన్ని ఎదుట పెట్టుకొని పంక్తి పంక్తికీ అర్థం చెప్పినవి బహు స్వల్పం. కావ్యానికి మల్లినాథుడు వ్యాఖ్య రాసినట్లు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు వ్యాఖ్య రాసినవారు జాన్ లయన్స్. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో తన విద్యార్థుల కొరకు ఆయన యూనిక్స్ ఆరవ కూర్పు మూలాన్ని ఒక సంపుటంగాను, దానిపై వ్యాఖ్యను మరొక సంపుటంగాను 1977లో సిద్ధం చేశారు. మూలం 9,000 పంక్తులకు లోపే. 1979లో వచ్చిన ఏడవ కూర్పు లైసెన్సు మూలాన్ని తరగతులలో బోధించరాదని ఆంక్ష పెట్టింది. ఆ పిమ్మట పుస్తకం నకళ్ళ రూపంలో చేతులు మారుతూ బ్రతికి, 1996లో గాని బహిరంగంగా అచ్చుకు నోచుకోలేదు. ఇట్టి చరిత్ర గల గ్రంథాన్ని పొగడటం సులభం. అందులోని అత్యంత కఠినమైన విషయాన్ని, అనగా పరికరాలు పెట్టే కేకలకు కెర్నెల్ ఎట్లు బదులు చెబుతుందనే విషయాన్ని, వ్యాఖ్య ఎంతవరకు బోధపరచిందో పరీక్షించి చూడటం అంతకంటె ఉపయోగకరం.

ముందుగా ఆ కేక సంగతి. ఆ కాలపు ప్రాసెసర్ కూడా సెకనుకు లక్షల ఆజ్ఞలు నిర్వహించగలదు. డిస్కు నుండి ఒక ముక్క సమాచారం రావడానికి సెకనులో కొన్ని వందవ వంతులు పడుతుంది. అంతసేపూ "వచ్చిందా, వచ్చిందా" అని అడుగుతూ కూర్చోవడం దండుగ. అందుచేత ప్రాసెసర్ వేరొక పనిలో ఉంటుంది. తన పని ముగియగానే డిస్కే పిలుస్తుంది. జమాబందీ లెక్క రాస్తున్న కరణం గుమ్మంలో కేక విని, రాస్తున్న పద్దు దగ్గర గుర్తు పెట్టి, లేచి వెళ్ళి, వచ్చినవాని పని చూసి, తిరిగి ఆ గుర్తు దగ్గరి నుండే లెక్క సాగించడం వంటిదే ఇది. ఈ కేకకే ఇంటరప్టు అని పేరు. తెలుగులో అంతరాయం అనవచ్చును.

లయన్స్ వ్యాఖ్యానించిన మూలం పిడిపి-11/40 యంత్రానిది. అందులో ప్రతి పరికరానికీ స్మృతిలో ఒక నియతస్థానం ఉన్నది. కేక వినబడినప్పుడు ఏ కార్యక్రమాన్ని నడపాలో, దానిని ఏ స్థాయిలో నడపాలో అక్కడ రాసి ఉంటుంది. స్థాయిలు 0 నుండి 7 వరకు. గడియారానిది 6, డిస్కుది 5, టెర్మినల్‌ది 4. ప్రాసెసర్ ఏ స్థాయిలో ఉంటే అంతకు మించిన కేకలే దానికి వినబడతాయి. కాబట్టి కెర్నెల్ తన స్థాయిని 6కు పెంచుకున్నదంటే చెవులు మూసుకున్నదనే అర్థం. ఈ యంత్రాంగాన్ని వ్యాఖ్య క్లుప్తంగా, తడబాటు లేకుండా చెప్పింది. అంతరాయ కార్యక్రమం ఎవరి పనికి అడ్డుపడి వచ్చిందో దానికే తెలియదు. కనుక ఆ సమయాన నడుస్తున్న ప్రోగ్రాముకు చెందిన సొంత సమాచారాన్ని అది ముట్టరాదు, తాను ఆగి నిద్రపోనూ రాదు. ఈ కట్టుబాటును అర్థం చేసుకున్న విద్యార్థి సగం దూరం వచ్చినట్లే.

అయితే చిక్కు ఇంతకు ముందే మొదలైంది. పుస్తకం అయిదు భాగాలు. అంతరాయాలు రెండవ భాగంలో వస్తాయి. వాటి వలన కలిగే ప్రమాదాలలో అతి సూక్ష్మమైనది మాత్రం మొదటి భాగంలోనే, నిద్ర, మేలుకొలుపు అనే రెండు కార్యక్రమాల దగ్గర ఎదురవుతుంది.

ఆ ప్రమాదం ఇది. ఒక ప్రోగ్రాము డిస్కు నుండి సమాచారం కోరింది. "వచ్చినది" అనే గుర్తు పడిందా అని చూసింది, పడలేదు. సరే, నిద్రపోదామనుకున్నది. చూడటానికీ నిద్రపోవడానికీ నడుమ ఉన్న ఆ లిప్తలో డిస్కు కేక వేసిందనుకుందాం. అంతరాయ కార్యక్రమం వచ్చి, గుర్తు పెట్టి, ఈ సమాచారం కొరకు నిద్రిస్తున్నవారిని లేపబోయింది. అప్పటికి ఎవ్వరూ నిద్రపోలేదు. లేపవలసినవారు లేరని అది వెళ్ళిపోయింది. ఆ పిమ్మట ప్రోగ్రాము నిశ్చింతగా నిద్రపోయింది. ఇక దానిని లేపే కేక మరి రాదు. యంత్రంలో ఏ భాగమూ చెడిపోలేదు, ఏ ఆజ్ఞా తప్పు కాదు. అయినా ఆ ప్రోగ్రాము శాశ్వత నిద్రలో పడింది. పైగా ఈ దోషం వెయ్యిసార్లలో ఒకసారి కనబడి, వెదకబోతే మాయమవుతుంది.

మూలంలో దీనికి విరుగుడు నాలుగైదు పంక్తులలో ఉన్నది. గుర్తును చూడటానికి ముందే స్థాయిని 6కు పెంచి డిస్కు కేకను గుమ్మంలో నిలబెడతారు. నిద్రించేవారి పట్టికలో పేరు ఎక్కిన తరువాతనే స్థాయిని తిరిగి 0కి దించుతారు. అప్పుడు కేక లోపలికి వచ్చినా పేరు పట్టికలో ఉన్నది కనుక లేపగలదు. ఎంత పొదుపైన ఏర్పాటో! కాని అంతరాయం ఎట్లు నడుస్తుందో ఇంకా సవిస్తరంగా చదవని పాఠకునికి ఈ స్థాయి మార్పు ఒక మంత్రంగానే తోస్తుంది. ఆరంభంలో యంత్ర వర్ణన కొంత ఉన్నమాట నిజమే. స్థాయి అంటే ఏమో దానివల్ల తెలుస్తుంది గాని, భయం ఎక్కడిదో తెలియదు. తరువాత రెండవ భాగంలో అంతరాయం చట్రం చూపుతారు. కేక వేసే డిస్కు మూడవ భాగంలో, టెర్మినల్ అయిదవ భాగంలో వస్తాయి. ఒకే కథలో భయం ముందు, కారణం నడుమ, పాత్రలు చివర అన్నట్లున్నది ఈ వరుస. మూలపు ఫైళ్ళను యంత్రం మేల్కొనే క్రమంలో అమర్చడం వలన వచ్చిన ఇబ్బంది ఇది. పంక్తులకు విధేయుడైన వ్యాఖ్యాతకు ఇది తప్పదేమో, అధ్యాపకునికి తప్పేదే.

రెండవ లోపం గడియారం ప్రకరణంలో ఉన్నది. ఆ కార్యక్రమం ఈ పుస్తకానికే మకుటం వంటిది. గడియారం సెకనుకు 60 మార్లు కేక వేస్తుందని మూలం ఎంచుకున్నది. సాధారణ గడియారం విద్యుత్తు లైను పోటునుండే కొట్టుకుంటుంది కనుక 60 అన్నది అమెరికా లెక్క. 50 ఆవృత్తుల విద్యుత్తు గల సిడ్నీలో గాని మన దేశంలో గాని ఆ సంఖ్యను మార్చక తప్పదు. ప్రతి కేకకూ చేసే పని స్వల్పం: లెక్క ఒకటి పెంచడం, నడుస్తున్న ప్రోగ్రాము ఖాతాలో కాలం రాయడం వంటివి. లెక్క 60కి చేరినప్పుడు పెద్ద పని వస్తుంది: తేదీని ఒక సెకను ముందుకు జరపాలి, అందరి ప్రాముఖ్యాలను తిరిగి లెక్కగట్టాలి. అప్పుడు కార్యక్రమం ఒక ప్రశ్న వేస్తుంది: తాను వచ్చి ఆపినప్పుడు ప్రాసెసర్ 0 స్థాయిలో ఉన్నదా? లేకుంటే, ఏదో ముఖ్యమైన పని నడుమ వచ్చానని గ్రహించి, పెద్ద పని ముట్టకుండా వెనుదిరుగుతుంది. మరుసటి కేకకు లెక్క 61 అవుతుంది. మళ్ళీ అదే ప్రశ్న. వీలు దొరికినప్పుడు లెక్కను సున్న చేయదు, అందులోనుండి 60 తీసివేస్తుంది. కాబట్టి పని వాయిదా పడింది గాని కాలం పోలేదు. అంతేకాదు, పెద్ద పనికి పూనుకునేముందు తన స్థాయిని 1కి దించుకొని ఇతర పరికరాల కేకలకు దారి విడుస్తుంది.

వెంటనే చేయవలసినదానిని చెవులు మూసుకొని త్వరగా చేయడం, ఆగగలదానిని చెవులు తెరచుకొని తీరికగా చేయడం అనే సూత్రమంతా ఇక్కడ ఉన్నది. 1991లో పుట్టిన లినక్స్‌లో దీనికే పై సగం, కింది సగం అని పేర్లు వచ్చాయి. లయన్స్ ఈ పంక్తులను ఒక్కొక్కటిగా విప్పారు; ఏదీ దాటవేయలేదు. కాని సూత్రాన్ని బయటికి తీసి, పేరు పెట్టి, పాఠకుని చేతిలో పెట్టలేదు. చురుకైనవాడు తానే కనుగొంటాడు. మిగిలినవారు ఆ ప్రకరణాన్ని గడియారపు వివరంగానే చదివి పేజీ తిప్పుతారు.

మౌనానికి అయ్యే ఖర్చును కూడా పుస్తకం లెక్కగట్టదు. చెవులు మూసుకున్న కాలం గడియారపు రెండు కొట్లకు మించితే రెండు కేకలు ఒకటై యంత్రం కాలం కోల్పోతుంది. టెర్మినల్ నుండి వచ్చిన అక్షరాన్ని తీసుకోకముందే మరొకటి వస్తే మొదటిది పోతుంది. సెకనుకు 30 అక్షరాలు వచ్చే రోజులలో ఇది పెద్ద బాధ కాకపోవచ్చు. నేడు 10 గిగాబిట్ల నెట్‌వర్కు తీగపై అతి చిన్న పొట్లాలు సెకనుకు కోటీ 48 లక్షల వరకు రాగలవు. రెండింటి నడుమ వ్యవధి 67 నానోసెకన్లు, పిడిపి-11/40 ఒక్క ఆజ్ఞను కూడా ముగించలేనంత స్వల్పం. ప్రతి పొట్లానికీ ఒక కేక వేస్తే యంత్రం కేకలకు పలకడంతోనే సరిపోయి, వచ్చిన పొట్లాన్ని విప్పే తీరిక దానికి ఉండదు. జెఫ్రీ మోగల్, కె. కె. రామకృష్ణన్ 1996లో ఈ దురవస్థను వర్ణించి, భారం పెరిగినప్పుడు కేకలు ఆపించి కెర్నెలే వెళ్ళి అడిగి తెచ్చుకోవడం మేలని చూపారు. అడుగుతూ కూర్చోవడం దండుగ అని మొదలైన కథ అడగడమే మేలనే చోటికి వచ్చింది!

ఇది 1977 నాటి గ్రంథంపై మోపదగిన నేరం కాదు. ప్రాసెసర్లు అనేకం ఉన్న యంత్రంలో చెవులు మూసుకోవడం చాలదన్న సంగతీ అంతే. ఒక ప్రాసెసర్ తన చెవులు మూసుకున్నా, పక్క ప్రాసెసర్ అదే పట్టికను దిద్దుతూ ఉండవచ్చును. అప్పుడు పట్టికకు తాళం కావాలి. ఆక్షేపణ అంతా, నేటికీ ఈ పుస్తకాన్ని ఏ టిప్పణీ లేకుండా సంపూర్ణ శాస్త్రంగా విద్యార్థి చేతికిచ్చే బోధనాపద్ధతి మీదనే. మౌనం ఒక్కటే చాలునని నేర్చినవాడు రేపు ఎనిమిది ప్రాసెసర్ల యంత్రానికి రాసే కార్యక్రమంలో ఆ శాశ్వత నిద్ర మళ్ళీ ప్రవేశిస్తుంది.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 2006 నుండి బోధిస్తున్న ఎక్స్‌వి-6 వ్యవస్థ, దాని పాఠ్యగ్రంథం లయన్స్ అడుగుజాడలలో నడిచినవే. కాని రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ కొరకు తిరిగి రాసిన ఆ గ్రంథంలో వరుస మారింది: ముందు అంతరాయాలు, అక్కడే ఉదాహరణగా ఒక పరికరం, తరువాత తాళాలు, ఆ పిమ్మటనే నిద్ర, మేలుకొలుపు. బోధనకు ఇదే సరియైన మార్గం. అయితే ఎక్స్‌వి-6 పాఠం కొరకు కట్టిన బొమ్మరిల్లు. లయన్స్ చూపిన యూనిక్స్ కార్యాలయాలలో నిజంగా పని చేసిన ఇల్లు. గడియారం లెక్కలోనుండి 60 తీసివేసిన ఆ ఒక్క పంక్తి వంటిది బొమ్మరింట్లో దొరకదు. కనుక లయన్స్ పుస్తకం చేపట్టినవారు మొదట గడియారం అధ్యాయం, పిదప మూడవ భాగంలోని డిస్కు కార్యక్రమం చదివి, ఆ తరువాత మొదటి భాగంలోని నిద్రకు తిరిగి రావడం మంచిది.